చివరి గింజ మీద బరువు

నేను ఇంతవరకూ పడవ ఎక్కలేదు. మా తనకల్లు వైపు పడవ ఎక్కడానికి నీళ్లుంటే కదా. కానీ పడవ అనే మాటను ఫ్రెంచిలో ఎక్కడ విరవాలో, ఏ ముక్క మీద బరువు పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బా, తో. రెండే ముక్కలు. మొదటిదాన్ని తేలిగ్గా వదిలేయాలి, రెండోదాని మీద కాస్త నిలబడాలి. ఇంత చిన్న సంగతి నోటికి పట్టుబడక ఒకసారి పరీక్ష తప్పాను. రెండోసారి పరీక్షకు పోయిన రోజును మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను.

వాన పడితే శెనక్కాయ వేయడం, పడకపోతే పైకి చూస్తూ కూర్చోవడం, మా నాయన సేద్యం అంతే. డిగ్రీ అయ్యాక నేను కదిరిలో ఏదో బట్టల అంగట్లో చేరతానని అందరూ అనుకున్నారు. నేను అనంతపురంలో ఫ్రెంచి నేర్పే చోట చేరాను. ఊళ్లో అడిగినవాళ్లకు మా అమ్మ అది కంప్యూటరు కోర్సని చెప్పేది, లేకపోతే ప్రశ్నలు తెగవు. ఫ్రాన్సు నుంచి ఫోన్లు చేసేవాళ్లతో మాట్లాడే పనికి బెంగళూరు కంపెనీ ఒకటి మా దగ్గర కొందరిని తీసుకుంటుంది. దానికి రాత పరీక్ష, మాట పరీక్ష రెండూ గట్టెక్కాలి. నేను రాతలో గట్టెక్కి మాటలో మునిగాను. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. హాస్టల్లో ఇంకో ఏడాది ఉంచే తాహతు మా నాయనకు లేదు. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు, నాకే తెలుసు.

మాకు చెప్పే మేడమ్ యానాంలో పుట్టి పెరిగిన మనిషి. చీర కుచ్చిళ్లు నలగవు, గొంతు లేవదు, కానీ తప్పు పలికితే కళ్లతోనే నిలబెట్టేస్తారు. నా చదువు విని ఆవిడ మొదటి వారంలోనే తేల్చేశారు.

"అమ్మాయ్, నువ్వు మాటని నెత్తి మీద కొడుతున్నావు. అలా కాదు, తోక మీద నిలబడాలి."

నేనేం చేయను? మేము గట్టిగా ఏదైనా చెప్పాలంటే మాట మొదట్లోనే కొడతాం. యాడికి పోయినావు అని మా అమ్మ అడిగితే ఆ 'యా' దగ్గరే సగం దెబ్బలు పడిపోతాయి. దానికి తోడు బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషు. అందుకే నా నోట్లో 'బాతో' ఎప్పుడూ 'బా' దగ్గరే కూలబడేది.

ముక్కలు విరవడం మాత్రం నాకు తొందరగానే వచ్చింది. హల్లు ఎప్పుడూ తన తర్వాత వచ్చే అచ్చు చెయ్యి పట్టుకుని నడుస్తుంది, అదే అసలు సూత్రం. అ, ని, మాల్. మన అక్షరమూ అంతే కదా అని మేడమ్ అనేవారు. రెండు హల్లులు పక్కపక్కన పడితే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతాయి. పర్, లే. మనమైతే ర కింద ల వత్తు ఇచ్చి రెండింటినీ ఒకచోట కట్టేస్తాం, వాళ్లు విడదీస్తారు. కానీ రెండోది 'ల' గానీ 'ర' గానీ అయి ముందున్నదానికి అతుక్కునే రకమైతే విడదీయకూడదు. తా, బ్లో. ఇదంతా లెక్కలాగా ఉండేది, నాకు లెక్కలు ఇష్టం.

కష్టమంతా బరువు దగ్గరే. పైగా ఆ బరువు మాటకొకటి ఉండదు. మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక గుంపుగా నడుస్తాయి, ఆ గుంపులో ఆఖరి ముక్క ఒక్కటే బరువు మోస్తుంది. మేడమ్ బోర్డు మీద 'మోఁ పేర్' అని రాశారు, అంటే మా నాన్న అని. అక్కడికి ఆగిపోతే బరువు నాన్న మీద ఉంటుంది. దాని పక్కనే ఇంకో మాట రాసి, "చూశావా, ఇప్పుడు ఈయన తేలికైపోయాడు, బరువు పక్కకి వెళ్లింది" అన్నారు. తెలుగు వచ్చిన మనిషి తండ్రిని అంత సులువుగా తేలిక చేసేస్తే నాకు నవ్వొచ్చింది.

ఆ ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. విత్తనం కాయలు ఒలిచే రోజులవి. మిషను గింజను నలుపుతుందని మా నాయన విత్తనానికి మాత్రం ఇప్పటికీ చేత్తోనే ఒలిపిస్తాడు. వసారాలో నాయన, అమ్మ, అవ్వ, నేను చుట్టూ కూర్చుని ఒలుస్తుంటే నేను నోట్లో నా పాఠం నములుకుంటున్నాను. అవ్వ అంటే నాయన తల్లి. నాయన కాసేపు విని అడిగాడు.

"ఏం పాపా, కాయలు వొలిచినట్ల మాటలు వొలుస్తాండావే."

సంగతి చెప్పాను. ఒక్కో ముక్కా ఒక్కో గింజ, అన్నీ సమానంగా రాలాలి, చివరిది మాత్రం కాస్త బరువుగా పడాలి. ఆయన ఒక కాయ చిట్లించి మూడు గింజలు అరచేతిలో పెట్టుకున్నాడు.

"చెప్పు, చూస్తాం."

షొ, అన్నాను. ఒక గింజ చేటలో వేశాడు. కొ, అన్నాను. ఇంకొకటి. లా అనేసరికి మూడో గింజను పైనుంచి టక్కుమని వదిలాడు. అమ్మ నవ్వింది. ఆ సెలవులంతా అదే ఆట. మా నాయనకు ఫ్రెంచిలో వచ్చిందల్లా చాక్లెట్ అనే ఆ ఒక్క మాటే, దాన్ని పట్టుకుని సంగటి తెమ్మని నన్ను పిలవడం కూడా మొదలుపెట్టాడు. చేనులో నుంచి 'షొకొలా' అని కేకేస్తే ఆ 'లా' మా ఇంటి దాకా సాగేది. ఆయన కేక సరిగ్గా పడేది గానీ నా నోరు మాత్రం మళ్లీ నెత్తి మీదే కొట్టేది. నేను ఏడుపు ముఖం పెడితే, "వస్తాదిలే పాపా, యాడికి పోతాది" అనేవాడు.

పరీక్ష జూన్‌లో పెట్టారు. గాలి మొదలైంది, వాన మాత్రం లేదు. పరీక్ష గది ముందు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. లోపలికి పోయేముందు ఫోన్లు తలుపు దగ్గరున్న ట్రేలో పెట్టాలి. నా ముందు ఒకే ఒక అమ్మాయి ఉంది. అప్పుడు చిన్నాయన ఫోను వచ్చింది. మా నాయన తమ్ముడు ఆయన, పక్కిల్లే. పరీక్ష బాగా చేయమని చెప్పడానికే చేశాడనుకుని తీశాను.

"పాపా," అన్నాడు. "మీ నాయన పోయినాడు పాపా."

అంతే, ఫోను పెట్టేశాడు. తిరిగి చేస్తే స్విచాఫ్. అమ్మకు చేస్తే మోగుతోంది, తీయడం లేదు.

ఆ క్షణం నాకేమైందో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఒకేలా ఉంటుంది. కళ్లు తిరగలేదు, కేక పెట్టలేదు. చెవుల్లో ఆ మాట ముక్కలు ముక్కలుగా విరిగింది. మీ, నా, య, న. ఆ తర్వాత మిగతాది. బరువు ఎక్కడ పడిందో వెతుక్కున్నాను, నాకేం పుట్టింది అప్పుడు అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. ఆ వాక్యంలో చివరి మాట 'పాపా'. అది నేను. ఇంతలో తలుపు తెరుచుకుని ముందున్న అమ్మాయి బయటికి వచ్చింది, ఎవరో నా పేరు పిలిచారు. ట్రేలో ఫోను పెట్టి లోపలికి నడిచాను.

ఎందుకు పోయావని చాలామంది అడిగారు. నేను పోలేదు, కాళ్లు పోయాయి. దీనికంటే మంచి జవాబు నా దగ్గర లేదు, ఉందని నటించే ఓపిక కూడా లేదు.

లోపల ఒక తెల్లావిడ, పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఒక కాగితం నా ముందుకు జరిపారు. నదిలో జనాన్ని ఇటునుంచి అటు చేరవేసే పడవ గురించి ఉంది అందులో. చదవమన్నారు. మాటను నెత్తి మీద కొట్టడానికి నా గుండెలో బలం లేదు. ఒక్కో ముక్కకూ ఒక్కో చిన్న ఊపిరి, అన్నీ ఒకే కొలత. గుంపు చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు అక్కడే నిలబడిపోయేది. మళ్లీ గాలి తీసుకుని ఇంకో గుంపు. చేటలో గింజలు పడుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడుతోంది. బా, తో అన్నప్పుడు ఆ రెండోది టక్కుమని పడింది. తెల్లావిడ తలెత్తి నన్ను చూసి నవ్వి, చాలా బాగుంది అంది.

తర్వాత మీ ఇంటి గురించి చెప్పమన్నారు. ఈ ప్రశ్న అడుగుతారని అందరికీ తెలుసు, నేను కూడా జవాబు బట్టీ పట్టే పోయాను. 'మోఁ పేర్' అన్నాను. అక్కడ ఆగిపోయాను. వెనక మాటేదీ లేదు కాబట్టి బరువంతా ఆయన మీదే ఉంది. ఆ తర్వాత ఏది పెట్టినా బరువు ఆయన్ని వదిలి దానిమీదికి పోతుంది. నాకు పోనివ్వబుద్ధి కాలేదు. వాళ్లు ఓపిగ్గా చూస్తున్నారు. చివరికి బట్టీ పట్టినట్టే, మా నాన్న రైతు అని చెప్పేశాను. రైతుగా ఉండేవాడు అనలేదు. పెద్దాయన ఏదో రాసుకున్నాడు.

ఆ పరీక్షలో నాకొచ్చినన్ని మార్కులు మా తరగతిలో ఎవరికీ రాలేదు. ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉంది. గోడకు తగిలించమని అందరూ అంటారు, నేను తగిలించలేదు.

బయటికి వస్తే మేడమ్ వరండాలో నిలబడి ఉన్నారు. కిటికీ దగ్గర నుంచి విన్నట్టున్నారు. "చివరికి తోక పట్టుకున్నావమ్మాయ్," అని నా భుజం తట్టారు. ఆవిడకు కూడా చెప్పకుండా ట్రే దగ్గరికి పోయాను. ఫోను తీసుకున్నాను గానీ ఎవరు చేశారో చూడలేదు, ఆఫ్ చేసి సంచిలో వేశాను. ఇంకెవరైనా ఏడుస్తూ ఇంకోసారి ఆ మాట చెప్తే అది నిజమైపోతుందనిపించింది. ఒక్కరు చెప్తే ఇంకా సగమే నిజం అన్నట్టు. చదువుకున్నదాని బుద్ధి అప్పుడు అట్లా పనిచేసింది.

కదిరి బస్సు ఎక్కాను. పక్కన కూర్చున్న ఆమె ముదిగుబ్బ దాకా వచ్చింది. "యాడికి పోతాండావు పాపా?" అని అడిగితే, "మా నాయన కాడికి," అన్నాను. ఆమె నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు, కిటికీ వైపు సీటు ఇచ్చింది. దారంతా దున్ని వదిలేసిన ఎర్రటి చేలు, వాన కోసం ఖాళీగా పడి ఉన్నాయి. నాయన విత్తనం ఇంకా సంచుల్లోనే ఉండాలి. దాన్ని ఇక ఎవరు వేస్తారని ఆలోచించాను. కన్నీళ్లు వస్తాయేమోనని ఎదురుచూశాను, రాలేదు. నాకు నేనంటేనే భయం పుట్టింది. కన్నతండ్రి చచ్చిపోతే ఏడవని మనిషిని నేనేనా అనుకుంటూ కదిరిలో దిగాను.

కదిరి నుంచి తనకల్లు బస్సు, మా ఊరి అడ్డరోడ్డు దగ్గర దిగి నడక. చావు జరిగిన వీధి దూరం నుంచే తెలుస్తుంది. షామియానా, కుర్చీలు, తప్పెట చప్పుడు. నేను చెవులు రిక్కించి నడిచాను. ఏమీ లేదు. అప్పుడే ఎత్తేశారు కాబోలు, ఆడబిడ్డ కోసం ఆగలేదు కాబోలు అనుకుని కోపంతో ఇంకా గబగబా నడిచాను. మా ఇంటి ముందు ఒక్క చెప్పుల జత కూడా ఎక్కువ లేదు.

వసారాలో మంచం మీద కూర్చుని మా నాయన సంగటి తింటున్నాడు.

నన్ను చూసి చెయ్యి కంచంలోనే ఆపి, "ఏం పాపా, చెప్పకుండా వచ్చినావు? పరీచ్చ ఎట్ల చేసినావు?" అన్నాడు.

సంచి నా భుజం మీద నుంచి జారిపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. బతికున్న మనిషిని చూసి అంత భయపడటం నా జీవితంలో అదే మొదలు. ఇంతలో అమ్మ లోపలి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. సంతోషమో దుఃఖమో తెలియని ముఖంతో ఆమె అడిగిన మొదటి మాట విని నాకు మతి పోయింది.

"ఏడిస్తివా?"

నాకు అర్థం కాలేదు. "యాల ఏడ్చల్ల?" అన్నాను.

అప్పుడు అవ్వ మూల నుంచి చెప్పుకొచ్చింది. ముందురోజు సాయంత్రం చేనులో నాయన నెత్తిన కాకి తన్నింది. మా వైపు అది చావు కబురు. దాన్ని తిప్పికొట్టడానికి ఒకటే దారి. ఆ మనిషి పోయాడని అయినవాళ్లలో ఒకరికి కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని నిజంగా ఏడవాలి. ఆ ఏడుపుతో చావు తీరిపోయినట్టు లెక్క. వెంటనే ఫోను చేసి, ఏమీ లేదు, ఊరికే అని చెప్పేయాలి. మామూలుగా ఇట్లాంటివి మా మేనత్తకు చెప్తారు. కానీ కాకి తన్నినప్పుడు ఆమె ఇక్కడే ఉంది, కళ్లారా చూసింది. ఇక ఏమీ తెలియకుండా మిగిలి, నిజంగా గుండె పగిలి ఏడ్చేది నేనొక్కదాన్నే. పొద్దు గూకేలోగా కావాలని అవ్వ పట్టుబట్టింది. అమ్మ తన నోటితో ఆ మాట అనకూడదు కాబట్టి చిన్నాయన చేశాడు. పరీక్ష మధ్యాహ్నం అనుకున్నాడట. చెప్పలేక చెప్పి, నా ఫోను వస్తే అబద్ధం నిలబడదని స్విచాఫ్ చేశాడు, అమ్మ కూడా అందుకే తీయలేదు. నేను ఏడ్చేంత సేపు ఆగి మళ్లీ చేశాడు. అప్పటికి నా ఫోను ట్రేలో ఉంది. అప్పటి నుంచి సాయంత్రం దాకా చిన్నాయన, అమ్మ ఇద్దరూ చేస్తూనే ఉన్నారు.

ఇదంతా మా నాయనకు అప్పటిదాకా తెలియదు. చెప్తే ఒప్పుకోడని ఆయనకు చెప్పలేదు. గోడ పక్కన నిలబడ్డ చిన్నాయన వైపు ఆయన చూసిన చూపుకు చిన్నాయన తల దించుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాకి తంతే నన్ను సంపుతారా?" అన్నాను. "ఆడ నా పరీచ్చ ఉండాది అని ఒకరికన్నా తోచలేదా? పొద్దున్నుంచి నేను ఎట్ల వచ్చినానో మీకు తెలుసా?" ఇంకా చాలా అన్నాను. అవ్వను కూడా వదల్లేదు. ఆమె నొచ్చుకోలేదు, ఆమెకు ఒక్కటే కావాలి.

"అదంతా సరే. ఏడిస్తివా, లేదా?"

"ఏడ్చలేదు."

అవ్వ ముఖం పాలిపోయింది. అమ్మ నా చేతులు వదిలేసింది. అప్పుడు నాయన కంచం పక్కన పెట్టాడు.

"నేను పోయినానని ఎప్పుడు చెప్పినారు నీకు?"

"లోపలికి పొయ్యేముందు."

"అది విని, లోపలికి పోయి చదివినావా?"

ఆయన గొంతులో కోపం లేదు. నమ్మలేకపోవడం ఉంది, అది కోపం కంటే చెడ్డది. కాళ్లు పోయినాయి నాయనా అని చెప్పాలనుకున్నాను. కానీ ఏం చెప్పినా అబద్ధంలా ఉంటుంది.

"చదివినా," అన్నాను.

"బాగ చదివినావా?"

"ఎప్పుడూ అంత బాగ చదవలేదు."

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. ఆ చూపు ముందు నిలబడటం ఆ పరీక్ష గదిలో కూర్చోవడం కంటే కష్టంగా ఉంది. నా తండ్రి బతికుండి, తను చచ్చిపోతే నేనెట్లా ఉంటానో కళ్లారా చూసేశాడు. అది ఏ తండ్రీ చూడకూడదు, ఏ బిడ్డా చూపించకూడదు.

"ఏదీ, ఎట్ల చదివినావో చదువు," అన్నాడు.

నిలబడిన చోటే, గుర్తున్నంత వరకు చదివాను. పడవ, నది, అవతలి ఒడ్డు. ఒక్కో ముక్కా సమానంగా, గుంపు చివర బరువుగా. ఎవరూ కదల్లేదు. చదువుతుంటే ఆయన వేళ్లు మోకాలి మీద ఒక్కొక్కటిగా లేస్తూ పడుతున్నాయి, చివర ఒకటి గట్టిగా. అయ్యాక ఆయన నన్ను చూడలేదు, మా అమ్మ వైపు తిరిగాడు.

"చూడు. నేను నిజంగా పోయిన పొద్దు పాపకు పరీచ్చ ఏమన్నా ఉంటే, అది అయినంకనే చెప్పండి. అంతవరకూ నన్ను ఎత్తబాకండి. నేను ఉంటాను."

ఆ మాట ఆయన మంచినీళ్లు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు. నాలో ఏదో తెగింది. అనంతపురం నుంచి కదిరి దాకా రానిది, కదిరి నుంచి ఇంటి దాకా రానిది, ఒక్కసారిగా వచ్చింది. మంచం దగ్గర కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకుని ఏడ్చాను. నాయనా అని పిలిస్తే ఆ చివరి 'నా' ఎంతకూ ఆగలేదు, వీధి చివర దాకా పోయినట్టుంది, పక్కిళ్ల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన సంగటి అంటిన చేత్తోనే నా తల నిమిరాడు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక అమ్మ కూడా ఏడవడం మొదలుపెట్టింది.

అవ్వ ఒక్కతే ఏడవలేదు. గోడ పట్టుకుని లేచి, వాకిట్లోకి పోయి, మా ప్రహరీ మీద ఎప్పుడూ కాకులు వాలే చోటు వైపు చూసింది.

"విన్నావు గదా," అంది. "ఇంక పో."